ఖరగ్‌పూర్‌లో సామాజిక సదుపాయాలకు కొలబద్ద ఏది?

ఖరగ్‌పూర్‌ అనగానే చాలామందికి 1,072.5 మీటర్ల రైల్వే ప్లాట్‌ఫారం గుర్తుకు వస్తుంది. 2013లో గోరఖ్‌పూర్‌ మించిపోయే వరకు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా దానికి పేరు. ప్లాట్‌ఫారం పొడవును మీటర్లలో చెప్పవచ్చు. అదే పట్టణంలోని సామాజిక భవనాలు, గ్రంథాలయాలు, ఆటస్థలాలు ప్రజాసేవలకు ఏ మేరకు ఆసరాగా ఉన్నవో చెప్పటం అంత సులభం కాదు. పట్టణం ఒకే పాలన కింద లేకపోవటమే ఇందుకు మొదటి కారణం.

బెంగాల్‌-నాగపూర్‌ రైల్వే కాలంలో ఇక్కడ జంక్షను, వర్క్‌షాపు వెలిశాయి. ఆ కంపెనీ లైను వాల్తేరు వరకు ఉన్నందున శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వేలాది తెలుగు కుటుంబాలు వలస వచ్చి స్థిరపడ్డాయి. క్వార్టర్లు, ఆసుపత్రి, పాఠశాలలు, ఇన్‌స్టిట్యూట్లు, మంచినీరు అన్నీ రైల్వేయే సమకూర్చింది. పురపాలక సంఘం ఏర్పడింది 1954లో. 2011 జనాభా లెక్కలలో పురపాలక పట్టణ జనాభా సుమారు 2 లక్షల 7 వేలు కాగా, రైల్వే సెటిల్‌మెంటును వేరే పట్టణంగా లెక్కించారు.

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రణాళికా మార్గదర్శకాల ప్రకారం ప్రతి 5 వేల జనాభాకు ఒక సామాజిక గది, 15 వేలకు ఒక కమ్యూనిటీ హాలు, గ్రంథాలయం ఉండాలి. ఆ లెక్కన పురపాలక ప్రాంతానికి 41 గదులు, 14 దాకా హాళ్లు కావాలి. అయితే ఇది భవనాల సంఖ్య మాత్రమే. ఏడాదిలో ఎన్ని రోజులు హాలు తలుపులు తెరిచారు, పెళ్లిళ్లకు అద్దెకిచ్చిన రోజులు పోగా టీకాలకు, వయోజన విద్యకు, తుపాను వేళ ఆశ్రయానికి ఎన్ని రోజులు మిగిలాయి అన్నది ఈ సంఖ్య చెప్పదు. 2008లో అదే శాఖ పట్టణ సేవలకు 28 సూచికలు నిర్ణయించింది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు వాటిలో ఒకటి. నీరు, మురుగు పారుదల, చెత్త, వరద కాలువలతోనే ఆ జాబితా ముగిసింది. సామాజిక భవనానికి అందులో చోటు దక్కలేదు.

ఖరగ్‌పూర్‌లో చిక్కు మరింత ముదిరింది. 35 పురపాలక వార్డులలో కొన్ని రైల్వే స్థలంలోనే ఉన్నాయి. అక్కడ ఓటు పురపాలక సంఘానికి, భూమి రైల్వేది. రైల్వే అనుమతి లేనిదే సంఘం అక్కడ హాలు కట్టజాలదు. పోనీ పన్ను రాబట్టి వేరేచోట కడదామన్నా, కేంద్ర ప్రభుత్వ ఆస్తులను స్థానిక పన్నుల నుంచి రాజ్యాంగం 285వ అధికరణం మినహాయించింది.

అయితే రాజ్‌కోట్‌ నగరపాలక సంస్థ కేసులో 2009 నవంబరులో సుప్రీంకోర్టు ఒక దారి చూపింది. పన్ను లేకున్నా సేవారుసుము చెల్లించాలి. స్థానిక సంస్థ సేవలన్నిటినీ వాడుకుంటే ఆస్తి పన్నులో 75 శాతం, కొన్నిటినే వాడుకుంటే 50 శాతం, ఏమీ వాడుకోకున్నా మూడో వంతు. ఏ మెట్టు వర్తిస్తుందో తేలాలంటే ముందుగా ఎవరు ఏ సేవ అందిస్తున్నారో లెక్క తీయక తప్పదు. కొలత అక్కడ మొక్కుబడి కాదు, ఖజానా వ్యవహారం.

ఆ లెక్క ఎవరికోసమన్నదీ చూడాలి. ఉద్యోగి పదవీ విరమణ చేసిన తర్వాత క్వార్టరు ఖాళీ చేయవలసిందే. పింఛనుదారుకు రైల్వే ఆసుపత్రి అండ ఉంటుంది గాని, ఎదిగి వేరుపడిన కొడుకు సంసారానికి ఉండదు. బస్తీలో ఇల్లు కట్టుకున్న ఆ కుటుంబం ఇన్‌స్టిట్యూటుకు పరాయిది, పురపాలక హాలుకు కొత్తది. భాష సమస్య దీనికి తోడు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్‌ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వటానికి ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్‌ తెలుగువారు చిరకాలంగా కోరుతున్నది ఇదే. ఇక సూచికలు రాసేవారు మరో గడి చేర్చవలసి ఉంటుంది: వార్డు కార్యాలయంలో తెలుగులో దొరికే దరఖాస్తులు ఎన్ని, తెలుగులో ఇచ్చిన అర్జీకి జవాబు రావటానికి పట్టిన రోజులు ఎన్ని.