ఒక్క బుట్ట, నలుగురు ఆటగాళ్లు: సగం కోర్టులో ప్రపంచ కప్పు

పల్లె పాఠశాలల్లో బాస్కెట్‌బాల్ కోర్టు ఉండడమే అరుదు. ఉన్న చోట కూడా తరచుగా మైదానానికి ఒక చివర మాత్రమే స్తంభం నిలిచి ఉంటుంది. రెండో చివర స్తంభం తుప్పు పట్టి ఒరిగిపోయి ఉంటుంది, లేదా దానిని మొదటి నుంచీ పాతనే ఉండరు. జట్టుకు ఐదుగురు చొప్పున పదిమంది ఒకే వేళకు చేరడం ఇంకా కష్టం. ఆడపిల్లల విషయంలో ఆ కష్టం మరింత ఎక్కువ. ఈ కారణాల వల్లనే బాస్కెట్‌బాల్ పట్నం పిల్లల ఆట అన్న అభిప్రాయం పల్లెల్లో స్థిరపడింది.

అయితే ఒకే బుట్టతో, సగం కోర్టులో, జట్టుకు ముగ్గురు చొప్పున ఆడే బాస్కెట్‌బాల్ ఒకటి ఉన్నది. దానికి ప్రపంచ కప్పు ఉన్నది, ఒలింపిక్ పతకాలూ ఉన్నాయి. ఆ ప్రపంచ కప్పులో పురుషుల జాతీయ జట్లు, మహిళల జాతీయ జట్లు ఒకే నగరంలో, ఒకే కోర్టు మీద, అవే రోజుల్లో పోటీ పడతాయి. దాని పేరు త్రీ ఎక్స్ త్రీ బాస్కెట్‌బాల్. పెద్ద కోర్టు లేని చోట పెరిగే పిల్లలకు ఈ ఆట ఏ విధంగా అందుబాటులో ఉన్నదో, ఎక్కడ అందకుండా పోతున్నదో తెలుసుకోవడం అవసరం.

వీధి నుంచి ఒలింపిక్స్ దాకా

పెద్ద నగరాల్లో పూర్తి కోర్టు దొరకని కుర్రవాళ్లు, ఉన్న ఒక్క బుట్ట కిందనే రెండు జట్లుగా విడిపోయి ఆడుకునేవారు. ఎన్నో దేశాల వీధుల్లో ఎవరి నియమాలు వారివిగా సాగిన ఆ ఆటకు అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య, అంటే ఫిబా, ఒక క్రమాన్ని ఏర్పరచింది. 2010లో సింగపూర్‌లో జరిగిన యువజన ఒలింపిక్స్‌లో ఈ ఆటను ప్రవేశపెట్టారు. అక్కడ బాలుర విభాగంలో సెర్బియా, బాలికల విభాగంలో చైనా స్వర్ణం గెలుచుకున్నాయి.

తొలి ప్రపంచ పోటీ 2012లో గ్రీసు రాజధాని ఏథెన్స్‌లో జరిగింది. పురుషులలో సెర్బియా, మహిళలలో అమెరికా విజేతలయ్యాయి. 2014లో మాస్కో, 2016లో చైనాలోని గ్వాంగ్‌జౌ, 2017లో ఫ్రాన్సులోని నాంట్, 2018లో ఫిలిప్పీన్స్, 2019లో ఆమ్‌స్టర్‌డామ్ ఈ పోటీకి వేదికలయ్యాయి. 2022లో ఆంట్వెర్ప్‌లో, 2023లో వియన్నాలో, 2025లో మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో జరిగింది. ఈ లోగా 2017లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ఈ ఆటను టోక్యో క్రీడల్లో చేర్చాలని నిర్ణయించింది. కరోనా కారణంగా 2021లో జరిగిన ఆ క్రీడల్లో పురుషుల స్వర్ణం లాత్వియాకు, మహిళల స్వర్ణం అమెరికాకు దక్కాయి.

ఈ పోటీలలో పెక్కింటిని పెద్ద స్టేడియాలలో కాక ఊరి నడిబొడ్డున జరపడం విశేషం. ఆమ్‌స్టర్‌డామ్‌లో మ్యూజియంల ముందరి మైదానంలో, వియన్నాలో నగరపాలక భవనం ఎదుట, ఉలాన్‌బాతర్‌లో సుఖ్‌బాతర్ చౌకులో తాత్కాలికంగా కోర్టు పరచి, చుట్టూ మెట్లు కట్టి ఆడించారు. సగం కోర్టుకు ఎక్కువ చోటు అక్కరలేదు కనుకనే ఇది సాధ్యమైంది.

ఆట సాగే తీరు

కోర్టు వెడల్పు 15 మీటర్లు, పొడవు 11 మీటర్లు. బుట్ట ఎత్తు మాత్రం పెద్ద ఆటలో వలెనే 3.05 మీటర్లు, అంటే పది అడుగులు. బుట్టకు 6.75 మీటర్ల దూరంలో ఒక వంపు గీత ఉంటుంది. జట్టులో మొత్తం నలుగురు. ముగ్గురు కోర్టులో ఆడతారు, నాలుగోవారు మార్పు కోసం పక్కన వేచి ఉంటారు.

వంపు గీత లోపలి నుంచి బంతి వేస్తే ఒక పాయింటు, బయటి నుంచి వేస్తే రెండు. ఫ్రీ త్రో ఒక్కటికి ఒక పాయింటు. పెద్ద ఆటలో లోపలి నుంచి రెండు, బయటి నుంచి మూడు లభిస్తాయి. అంటే అక్కడ దూరపు గురికి విలువ ఒకటిన్నర రెట్లు కాగా ఇక్కడ సరిగ్గా రెండు రెట్లు. పొడవు తక్కువైనా గురి కుదిరిన ఆటగాడికి, ఆటగత్తెకు ఈ లెక్క ఎంతో అనుకూలం.

ఆట వ్యవధి 10 నిమిషాలు. ఆ లోపల ఏ జట్టు ముందుగా 21 పాయింట్లు చేరితే ఆ జట్టు గెలిచినట్లే. ఎవరూ చేరకపోతే సమయం ముగిసేసరికి ఆధిక్యంలో ఉన్నవారు విజేతలు. స్కోరు సమమైతే అదనపు ఆటలో ముందుగా రెండు పాయింట్లు సాధించినవారిదే గెలుపు. బంతి చేతికందిన జట్టు 12 సెకన్లలోపు గురి చూసి వేయాలి. పెద్ద ఆటలో దీనికి 24 సెకన్లు ఇస్తారు.

బుట్ట ఒక్కటే కనుక దాడి చేసేవారికీ, కాపు కాసేవారికీ అదే లక్ష్యం. అందువల్ల ఒక నియమం పెట్టారు. ఎదుటి జట్టు వేసిన బంతి గురి తప్పినప్పుడు దానిని పట్టుకున్నా, వారి చేతి నుంచి లాక్కున్నా, ముందుగా బంతిని వంపు గీత బయటకు తీసుకుపోవాలి. ఆ తరువాతనే బుట్ట వైపు దాడి చేయవచ్చు. ఎదుటివారు పాయింటు సాధించినప్పుడు ఆట ఆగదు. పాయింటు ఇచ్చుకున్న జట్టు వెంటనే బుట్ట కింద బంతి అందుకుని గీత బయటకు చేరుస్తుంది. ఆటలో విరామం లేకపోవడానికి కారణం ఇదే. పదే నిమిషాలైనా ఊపిరి సలపనివ్వని ఆట ఇది.

జట్టు ఫౌళ్లు ఆరు దాటితే ఎదుటి జట్టుకు రెండు ఫ్రీ త్రోలు లభిస్తాయి. పదో ఫౌలు నుంచి ఫ్రీ త్రోలతో పాటు బంతి కూడా వారికే పోతుంది. పురుషులకూ మహిళలకూ బంతి ఒక్కటే. దాని కొలత మహిళలు వాడే ఆరో నంబరుది, బరువు పురుషులు వాడే ఏడో నంబరుది.

అన్నిటికన్నా విచిత్రమైన నియమం శిక్షకుడికి సంబంధించినది. ఆట సాగుతున్నంత సేపు శిక్షకుడు కోర్టు పక్కన కూర్చోరాదు, దూరం నుంచి సైగలతోనైనా సలహా చెప్పరాదు. ఎప్పుడు ఎవరిని మార్చాలి, ఉన్న ఒక్క టైమ్ అవుట్‌ను ఎప్పుడు అడగాలి అనేవి ఆ నలుగురే నిర్ణయించుకోవాలి.

చిన్న దేశాల గెలుపు

ఐదుగురి ఆటలో ఒక దేశం ముందుకు రావాలంటే పన్నెండుమంది సమర్థులైన ఆటగాళ్లు ఉండాలి. ఇక్కడ నలుగురు చాలు. ఈ ఒక్క తేడా ఫలితాలను ఎంతగా మార్చిందో విజేతల పట్టిక చూస్తే అర్థమవుతుంది.

2014లో మాస్కోలో పురుషుల కప్పును గెలిచినది ఖతార్. అంతిమ పోటీలో అది ఓడించినది తొలి విజేత సెర్బియాను. 2016లో మహిళల కప్పు చెక్ దేశానికి, 2018లో ఇటలీకి, 2019లో చైనాకు దక్కింది. టోక్యోలో స్వర్ణం సాధించిన లాత్వియా జనాభా ఇరవై లక్షలకు లోపే. ఆ అంతిమ పోటీలో కార్లిస్ లాస్మానిస్ గీత బయటి నుంచి వేసిన బంతితో లాత్వియా 21 పాయింట్లకు చేరింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పురుషుల స్వర్ణం నెదర్లాండ్స్‌కు, మహిళల స్వర్ణం జర్మనీకి లభించాయి. నెదర్లాండ్స్ జట్టు అదనపు ఆటలో వర్తీ డి యాంగ్ వేసిన రెండు పాయింట్ల బంతితో ఫ్రాన్సును ఓడించింది.

మంగోలియా కథ మరింత ఆలోచింపజేస్తుంది. కుస్తీలకు, గుర్రపు స్వారీకి పేరు పొందిన ఆ దేశం జనాభా దాదాపు ముప్ఫై ఐదు లక్షలు. వేసవి ఒలింపిక్స్‌లో ఆ దేశం తరఫున జట్టు క్రీడలో మొదట అడుగుపెట్టినది పురుషులు కారు. టోక్యోకు వెళ్లిన త్రీ ఎక్స్ త్రీ మహిళల జట్టే ఆ ఘనత పొందింది. ఆ జట్టు క్రీడాకారిణి ఓనొల్‌బాతర్ ఖులాన్ ప్రారంభోత్సవంలో దేశ పతాకం పట్టుకుని నడిచినవారిలో ఒకరు. నాలుగేళ్ల తరువాత, 2025లో, తమ రాజధానిలోనే జరిగిన ప్రపంచ కప్పులో మంగోలియా మహిళలు అంతిమ పోటీకి చేరుకున్నారు. నెదర్లాండ్స్ చేతిలో ఓడినా రజతం వారిదయింది. ఆ ఏడాది పురుషుల కప్పును స్పెయిన్ గెలిచింది.

అయితే ఈ ఆటలో బలవంతులే లేరని అనుకోరాదు. 2023 నాటికి సెర్బియా పురుషులు ఆరుసార్లు, అమెరికా మహిళలు మూడుసార్లు కప్పు అందుకున్నారు. సెర్బియా తొలి నాలుగు విజయాలలోనూ పాలుపంచుకున్న దుషాన్ బులుత్ వంటివారు ఈ ఆటనే వృత్తిగా చేసుకుని ఏడాది పొడవునా నగరం నుంచి నగరానికి తిరిగి ఆడినవారు. ఆట మొదలుపెట్టడం సులభం, అందులో ఆరితేరడం సులభం కాదు.

కప్పుకు ఎవరు చేరతారు

ప్రపంచ కప్పులో పురుషుల జట్లు ఇరవై, మహిళల జట్లు ఇరవై ఉంటాయి. ఐదేసి జట్లను ఒక గుంపుగా విడదీసి ఆడిస్తారు. ఆతిథ్య దేశం, మేటి ర్యాంకు గల దేశాలు, అర్హత పోటీల్లో నెగ్గిన దేశాలు ఇందులో పాల్గొంటాయి.

ఈ ర్యాంకు లెక్క ప్రత్యేకమైనది. ఫిబా వద్ద నమోదైన పోటీలలో ఆడిన ప్రతి ఆటగాడికీ, ఆటగత్తెకూ పాయింట్లు జమ అవుతాయి. చిన్న ఊరి పోటీకి తక్కువ, అంతర్జాతీయ పోటీకి ఎక్కువ. గడచిన పన్నెండు నెలల్లో వచ్చినవే లెక్కకు వస్తాయి. ఒక దేశంలోని అగ్రశ్రేణి ఆటగాళ్ల పాయింట్లను కూడితే ఆ దేశం స్థానం తేలుతుంది. అంటే జాతీయ జట్టు ఎంత బాగా ఆడినదన్నది ఒక్కటే కాదు, దేశంలో ఎన్ని పోటీలు జరిగాయి, అవి నమోదయ్యాయా అన్నవి కూడా ముఖ్యమే. నమోదు కాని పోటీలో ఎంత గొప్పగా ఆడినా ఆ లెక్కలో అది సున్నాయే.

మన దేశం, మన మైదానం

భారత మహిళలు ఈ ఆటలో వెనుకబడినవారు కారు. 2013లో దోహాలో జరిగిన ఆసియా త్రీ ఎక్స్ త్రీ పోటీలో స్వర్ణం గెలిచినది భారత జట్టే. ఐదుగురి ఆటలో చైనా, జపాన్, కొరియా వంటి దేశాలను దాటడం మన మహిళలకు దుర్లభమవుతున్న ఆసియాలోనే, నలుగురి జట్టుతో అది సాధ్యమైంది.

సరిహద్దు గ్రామాల తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు దీని నుంచి గ్రహించవలసినది ఒకటున్నది. ఒక్క స్తంభం మిగిలిన మైదానం సగం పాడైన కోర్టు కాదు, ఈ ఆటకు అది పూర్తి కోర్టే. బుట్ట పది అడుగుల ఎత్తున గట్టిగా నిలబడాలి, పలక కదలకూడదు, నేల చదునుగా ఉండాలి. దాదాపు యాభై అడుగుల వెడల్పు, ముప్ఫై ఆరు అడుగుల పొడవు గల స్థలంలో సున్నంతో గీతలు గీస్తే చాలు. బుట్టకు సరిగ్గా కింద నేల మీద ఒక మేకు దిగ్గొట్టి, ఇరవై రెండు అడుగుల తాడు కట్టి తిప్పితే వంపు గీత తయారవుతుంది. కోర్టు అంచుల దగ్గర మాత్రం ఆ గీతను పక్క గీతకు సమాంతరంగా తిన్నగా దింపాలి.

ఎనిమిదిమంది పిల్లలతో రెండు జట్లు ఏర్పడతాయి. పది నిమిషాలకొక ఆట కనుక సాయంత్రం చీకటి పడకముందే నాలుగైదు జట్లు ఆడి ఇళ్లకు చేరవచ్చు. ఆడపిల్లలు దూరం పోనవసరం లేదు. శిక్షకుడు లేడన్న దిగులు ఆట ఆరంభించడానికి అడ్డు కాదు, పోటీలో నిర్ణయాలు ఎలాగూ పిల్లలవే. అయితే నేర్పేవారు అవసరమే. బంతి తట్టడం, పాదాల కదలిక, దెబ్బ తగలకుండా కింద పడడం వంటివి తెలిసిన వ్యాయామ ఉపాధ్యాయుడి వద్దే అలవడతాయి. ఈ ఆటలో ఒరిపిడి ఎక్కువ కనుక ఆ జాగ్రత్త తప్పనిసరి.

ఊళ్లో పోటీ పెట్టే యువజన సంఘాలు అదనంగా చేయవలసిన పని ఒక్కటే. జిల్లా లేదా రాష్ట్ర బాస్కెట్‌బాల్ సంఘాన్ని ముందుగా సంప్రదించి, ఆ పోటీని ఫిబా లెక్కలో నమోదు చేయించే మార్గం అడిగి తెలుసుకోవాలి. అప్పుడు పండుగ పూట గుడి ముందరి మైదానంలో గెలిచిన పిల్లకు దక్కేది కప్పు, శాలువా మాత్రమే కాదు. ఉలాన్‌బాతర్‌లో ఆడినవారి పేర్లున్న అదే పట్టికలో, ఎంత దిగువనైనా సరే, ఆమె పేరూ చేరుతుంది.