చేతికి కొత్త లైసెన్సు.. కొనేది ఏ కారు?

తెనాలి: దుగ్గిరాల మండలంలోని ఓ గ్రామానికి చెందిన రైతు పసుపు అమ్మిన సొమ్ములో నాలుగు లక్షల రూపాయలు పక్కన పెట్టి, కుమారుడిని వెంటబెట్టుకుని ఇటీవల విజయవాడ వెళ్లారు. కుమారుడికి 23 ఏళ్లు. గుంటూరులో ఉద్యోగం. కారు లైసెన్సు చేతికి వచ్చి నెల కూడా కాలేదు. పాత కార్లు అమ్మేచోట పైకప్పు తెరుచుకునే ఎర్రటి పెద్ద కారు ఒకటి కుర్రాడికి నచ్చింది. అమ్మకందారు చెప్పిన ధర 3.80 లక్షలు. లోపల కొత్త సీటు కవర్లు, ఘుమఘుమలాడే అత్తరు వాసన. వెంట వెళ్లిన మెకానిక్‌ ఇంజిను పైమూత కూడా ఎత్తలేదు. డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని ఆఖరి వరకు లాగారు. చివరి జానెడు మేర బురద చార కనిపించింది. ‘బాబాయ్‌ గారూ, ఈ బండి నీళ్లలో మునిగింది. మనకొద్దు’ అన్నారు.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్‌, పాయకాపురం తదితర ప్రాంతాలు మునిగినప్పుడు వేల సంఖ్యలో వాహనాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. అటువంటి బండి పైపై మెరుగులు దిద్దుకుని ఎవరి ఇంటికి చేరుతుందో చెప్పలేం. అనుభవజ్ఞులు సులువుగా పసిగడతారు. కొత్తగా లైసెన్సు పొందిన యువకుడు మాత్రం రంగు, పాటల పెట్టె, చక్రాల మెరుపు చూస్తాడు. తొలి కారు విషయంలో కుటుంబాలు నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే.

ధర ఒక్కటే ఖర్చు కాదు

చేతిలో నాలుగు లక్షలుంటే నాలుగు లక్షల కారు కొనరాదు. పేరు మార్పిడి, బీమా, టైర్లు, బ్యాటరీ, తొలి సర్వీసింగుకు కనీసం 50 వేలు విడిగా ఉంచుకోవాలి. అప్పు చేసి కొనేవారు నెల వాయిదాతో పాటు మొత్తం చెల్లింపును లెక్కించుకోవాలి. తొమ్మిదిన్నర శాతం వడ్డీకి అయిదు లక్షలు తీసుకుంటే అయిదేళ్లపాటు నెలకు సుమారు 10,500 రూపాయలు కట్టాలి. అంటే వడ్డీ కిందే 1.30 లక్షలు పోతుంది. పాత కార్లకిచ్చే రుణాలపై వడ్డీ సాధారణంగా ఇంతకంటే ఎక్కువ.

పెట్రోలు సంగతి సరేసరి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తే, లీటరు 110 రూపాయల లెక్కన దాదాపు 6,900 అవుతుంది. కంపెనీలు ప్రకటించే మైలేజీ మన రోడ్లపై, ఏసీ వేసుకుని నడిపినప్పుడు రాదు. నెలకు మూడు, నాలుగు వందల కిలోమీటర్లు మించి తిరగనివారికి డీజిలు కారు దండగ. ముఖ్యంగా 2020 ఏప్రిల్‌ తరువాత వచ్చిన బీఎస్‌-6 డీజిలు కార్లలోని పొగ వడపోత పరికరం చిన్నచిన్న దూరాలకే బండిని తిప్పితే మూసుకుపోయే ప్రమాదముంది.

కొత్త కారు కొనగల స్తోమత ఉన్నవారికి ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిను ఉన్నవాటికి ఇది వర్తిస్తుంది. కొత్తవాటి ధర దిగినప్పుడు పాతవాటి ధర కూడా దిగాలి. అందుకని పాత కారుకు బేరమాడే ముందు షోరూంలో అదే మోడల్‌ నేటి ధర తెలుసుకోవాలి. ‘అప్పట్లో ఏడు లక్షలు పెట్టి కొన్నాం’ అన్న మాటకు విలువ లేదు.

2019 అనే గీత

అయినా తొలి ఏడాది గీతలు, సొట్టలు తప్పవు కాబట్టి నాలుగైదేళ్లు వాడిన చిన్న కారే కొత్త చోదకుడికి మేలు. అయితే ‘ఎలాగూ నేర్చుకునేదే కదా’ అని పదిహేనేళ్ల నాటి బండిని కుర్రాడి చేతిలో పెట్టడం సరికాదు. తప్పులు ఎక్కువగా చేసేవారికి రక్షణ తక్కువగా ఉన్న బండి ఇవ్వడమే అవుతుంది.

ఇక్కడ 2019 సంవత్సరాన్ని గీతగా పెట్టుకోవచ్చు. ఆ ఏడాది ఏప్రిల్‌ నుంచి తయారయ్యే కార్లన్నింటికీ ఏబీఎస్‌ తప్పనిసరి అయింది. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా, స్టీరింగు మన అదుపులో ఉండేలా చేసే ఏర్పాటిది. గేదె అడ్డం వచ్చినప్పుడు కొత్తవారు చేసే మొదటి పని బ్రేకుపై నిలబడటమే. జులై ఒకటి నుంచి డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు, వెనక్కు తీసేటప్పుడు హెచ్చరించే సెన్సర్లు, సీటు బెల్టు మోత, గంటకు 80 కిలోమీటర్లు దాటితే కూత వచ్చాయి. పక్క సీటు ఎయిర్‌బ్యాగు కొత్త మోడళ్లకు 2021 ఏప్రిల్‌ నుంచి, అప్పటికే ఉన్న మోడళ్లకు ఆ ఏడాది చివరి నుంచి తప్పనిసరి చేశారు. కాబట్టి 2022, ఆ తరువాతి కారు దొరికితే మరీ మంచిది. 80 దాటితే వచ్చే ఆ కూతను తీయించేయమని మెకానిక్‌ల వద్దకు వెళ్లే కుర్రాళ్లున్నారు. అది ఉండవలసింది వారి బండిలోనే!

నంబరు ప్లేటు చూసి ఏడాది నిర్ణయించరాదు. మన రాష్ట్రంలో జిల్లాకో కోడ్‌ పద్ధతి పోయి 2019 జనవరి చివరి నుంచి ఏపీ 39 వచ్చింది. పాత ఏపీ 07 బండి కాదు కదా అని సంతోషించేలోగా, అది వేరే రాష్ట్రం నుంచి తెచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టరు చేయించిన పదేళ్ల కారు కావచ్చు. తయారైన నెల, సంవత్సరం ఆర్‌సీలో ఉంటాయి. అదే ప్రమాణం.

ఏబీఎస్‌, ఎయిర్‌బ్యాగు పనిచేస్తున్నదీ లేనిదీ తెలుసుకునేందుకు తేలికైన పరీక్ష ఒకటుంది. తాళం తిప్పగానే మీటర్ల వద్ద ఆ రెండు గుర్తుల దీపాలు వెలిగి, కొద్ది సెకన్లకు ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్లు. అసలు వెలగకపోతే మరింత అనుమానించాలి. లోపం బయటపడకుండా దీపాన్నే తొలగించి ఉండవచ్చు.

2023 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన భారత్‌ ఎన్‌క్యాప్‌ పరీక్షల్లో పెద్దలకు, పిల్లలకు రక్షణ ఎంతో విడివిడిగా నక్షత్రాలిస్తున్నారు. కొత్త కారు కొనేవారు అవి చూడాలి. అదే పేరుతో అంతకుముందు వచ్చిన పాత మోడల్‌కు ఆ నక్షత్రాలు వర్తించవని గ్రహించాలి.

మన రోడ్లకు తగినది

డెల్టాలో సగం ఊళ్లకు కాలువ కట్ట మీదుగానే దారి. ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వస్తే ఎడమ చక్రాలు గట్టు అంచుకు దిగాలి. కోతల కాలంలో రోడ్డులో సగం ఆరబోసిన ధాన్యమే. రాత్రివేళ వెనుక దీపంలేని ట్రక్కులు. ఇటువంటి చోట కొత్తవారికి నాలుగు మీటర్ల లోపు పొడవుండి, ముందు భాగం ఎక్కడికి ముగుస్తుందో సీటులోంచి అంచనా వేయగలిగిన కారు ఉండాలి. బేరానికి ముందు నడపబోయే వ్యక్తే కూర్చుని చూడాలి. క్లచ్‌ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉందా, అద్దం పక్క కమ్మీ మలుపును కప్పేస్తోందా, వెనుక అద్దంలోంచి ఎంత కనిపిస్తోంది అన్నవి గమనించాలి. తండ్రి కూర్చుని ‘బాగుంది’ అంటే చాలదు.

టైరు పక్క గోడపై నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. అరుగుదల కనిపించకపోయినా అంత పాత రబ్బరుతో ఎండాకాలంలో హైవే ఎక్కడం మంచిది కాదు. నాలుగు టైర్ల ఖర్చు బేరంలో తగ్గించమని అడగవచ్చు.

మునిగిన బండి ఆనవాళ్లు బెల్టుతో ఆగవు. సీటు జరిగే పట్టాలకు తుప్పు, స్టెపినీ పెట్టే గుంటలో ఒండ్రు, హెడ్‌లైటు లోపల చెమ్మ ఉంటే వెనుదిరగాలి. ఇంజిను బాగుచేసినా వైర్ల జాయింట్లు నెలల తరువాత మొరాయిస్తాయి. విపరీతమైన అత్తరు వాసన కూడా ఆనవాలే.

కాగితాలు చూశాకే ఇంజిను

పాత కారుకు అసలు పరీక్ష ఆర్‌సీ. అందులోని చాసిస్‌, ఇంజిను నంబర్లను బండిపై ఉన్నవాటితో అంకె అంకె సరిపోల్చాలి. పరివాహన్‌ వెబ్‌సైట్‌లో బీమా గడువు, ఫైనాన్సు, చలానాల వివరాలు చూడవచ్చు. ఫైనాన్సు ఉన్నట్లయితే బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీతో పాటు ఫారం 35 తీసుకోవాలి. పేరు మార్పిడికి ఫారాలు 29, 30 కావాలి. అమ్మినవారు 14 రోజుల్లో రవాణాశాఖకు తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లో తమ పేరుకు మార్చుకోవాలి.

‘హైదరాబాద్‌ బండి, లక్ష తక్కువ’ అని బ్రోకర్లు చెబుతుంటారు. టీఎస్‌, టీజీ నంబరు కారును ఇక్కడ వాడుకోవాలంటే అక్కడి నుంచి ఎన్‌వోసీ తెచ్చి, ఇక్కడ లైఫ్‌ ట్యాక్సు కట్టి, మళ్లీ రిజిస్టరు చేయించాలి. ఆ లెక్క వేశాక లక్షలో ఎంత మిగులుతుందో చూసుకోవాలి. పదిహేనేళ్లు నిండబోయే కారైతే రిజిస్ట్రేషన్‌ రెన్యువల్‌ ఖర్చూ ఉంది. 2022 ఏప్రిల్‌లో ఈ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది.

పేర్లు రాయని ఫారాలపై సంతకాలు పెట్టి ఇచ్చిపుచ్చుకోవడం మన ప్రాంతంలో మామూలు. ఈ విలేకరి కూడా ఒకప్పుడు మోటారు సైకిలు అలాగే అమ్మి ఊరుకోగా, రెండేళ్ల తరువాత ఎన్నడూ వెళ్లని ఊరి నుంచి చలానా ఇంటికొచ్చింది. అది కొన్ని వందలతో పోయింది. ప్రమాదమైతే అలా పోదు. బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో ఎవరి పేరుంటే వారే పరిహారానికి బాధ్యులని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అమ్మే రైతుకూ, కొనే యువకుడికీ ఇద్దరికీ ఇది ప్రాణసంకటమే.

బీమా అమ్మినవారి పేరున ఉంటే..

కొన్న 14 రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు చేసి పాలసీని పేరు మార్పించుకోవాలి. లేకుంటే మన బండికి జరిగిన నష్టానికి క్లెయిం తిరస్కరించే అవకాశముంది. పాతవారికి ఉన్న నో క్లెయిం బోనస్‌ వారిదే, కారుతో పాటు మనకు రాదు. థర్డ్‌ పార్టీ బీమా ఎదుటివారికి మాత్రమే. 2022 జూన్‌లో నిర్ణయించిన ప్రకారం దీని ఏడాది ప్రీమియం వెయ్యి సీసీ లోపు కార్లకు 2,094, ఆపైన 1500 సీసీ వరకు 3,416 రూపాయలు, పన్ను అదనం. తొలి ఏడాది సొంత నష్టానికి కూడా వర్తించే పూర్తి బీమా తీసుకోవడం ఉత్తమం. అమెరికాలో ఉన్న మన పిల్లలకు కొత్త డ్రైవరన్న కారణంతో ప్రీమియం భారీగా పడుతుంది. మన వద్ద ధర ప్రధానంగా బండిని బట్టే ఉంటుంది కాబట్టి ఈ విషయంలో అదృష్టవంతులమే.

లైసెన్సు లేని తమ్ముడికి తాళం ఇస్తే మాత్రం పాలసీ ఆదుకోదు. బాధితులకు కంపెనీ చెల్లించినా, ఆ మొత్తం యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. నడిపింది 18 ఏళ్లలోపు వారైతే 2019 సవరణ ప్రకారం సంరక్షకులకు మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా.

దుగ్గిరాల మండలం తండ్రీకొడుకులు మూడు వారాలు తిరిగి, 2021 చివరలో తయారైన చిన్న పెట్రోలు కారును తెనాలిలోనే ఓ విశ్రాంత ఉద్యోగి వద్ద 3.45 లక్షలకు మాట్లాడుకున్నారు. రంగు తెలుపు, పైకప్పు తెరుచుకోదు. కుర్రాడు రోజూ తెల్లవారుజామున ఊరి బయట వెడల్పు రోడ్డుపై నడిపి చేయి తిప్పుకుంటున్నాడు. కాలువ కట్టపైకి ఇంకా ఎక్కలేదు. బేరం సొమ్ములో 20 వేలు తండ్రి ఆపి ఉంచారు. పేరు మారిన ఆర్‌సీ చేతికి వచ్చాక ఇస్తామన్న షరతుకు అమ్మినవారూ ఒప్పుకున్నారు.