కిటికీ అద్దానికి పుట్టీ పట్టించే పద్ధతి

చెక్క కిటికీ రెక్కలో అద్దాన్ని పట్టి ఉంచేవి సీలలు, వాన నీటిని ఆపేది పుట్టీ. సీలలు కొట్టకుండా పుట్టీ మీదే భారం వేస్తే, అది ఎండి పగిలిన మొదటి వేసవిలోనే అద్దం గాడిలో గలగలలాడుతుంది.

అద్దాల పుట్టీ, గోడలకు పెట్టే లప్పం ఒకటి కావు. మెత్తని సుద్దపొడిని అవిసె నూనెతో కలిపి పిసికితే అద్దాల పుట్టీ అవుతుంది. సిమెంటు లప్పం నీళ్లతో గట్టిపడుతుంది. అవిసె నూనె మాత్రం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా బిగుస్తుంది. పైన పొర కట్టాక కూడా లోపల చాలా రోజులు మెత్తగానే ఉంటుంది. ఇనుప చట్రాలు నూనెను పీల్చవు కాబట్టి వాటికి వేరే రకం పుట్టీ దొరుకుతుంది. రెండు పొరలు అతికించిన అద్దాలకు నూనె పుట్టీ వాడకూడదు, అంచుల్లోని అతుకును నూనె పాడుచేస్తుంది.

పాత పుట్టీని ఉలితో కొద్దికొద్దిగా లేపి, పాత సీలలు పీకి, గాడిని చెక్క కనిపించేదాకా శుభ్రం చేయాలి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. అందుకే పొడిగా రుద్ది దుమ్ము రేపకుండా, తడిపి గీకడం, ముక్కుకు మాస్కు కట్టుకోవడం మంచిది. తడిపిన గాడి పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ఈ పని వానాకాలంలో పెట్టుకోకపోవడమే మేలు, తడి చెక్కను పుట్టీ పట్టుకోదు.

ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. పూత లేని వట్టి చెక్క మీద నేరుగా పుట్టీ పెడితే చెక్క అందులోని నూనెను తాగేస్తుంది. మిగిలిన సుద్ద పెళుసెక్కి పెచ్చులుగా ఊడుతుంది. ముందుగా గాడికి ప్రైమర్ పూసి ఆరనివ్వాలి. పుట్టీ నాణ్యత ఎంత గొప్పదైనా ఈ ఒక్క పూత మానేస్తే దండగే.

అద్దాన్ని గాడి కొలత కంటే పొడవులో, వెడల్పులో సుమారు 3 మిల్లీమీటర్లు తక్కువగా కోయించాలి. చెక్క ఉబ్బినప్పుడు అద్దం చిట్లకుండా ఆ ఖాళీ కాపాడుతుంది. పుట్టీని చపాతీ పిండిలా చేతి వేడి తగిలేదాకా పిసకాలి. గట్టిగా ఉంటే నాలుగు చుక్కల అవిసె నూనె, చేతికి అంటుకుంటుంటే కాస్త సుద్దపొడి కలిపితే దారికొస్తుంది. అరచేతుల మధ్య తాడులా పేని, గాడి చుట్టూ ఖాళీ లేకుండా పరవాలి. దాని మీద అద్దం పెట్టి అంచుల వెంబడే నొక్కాలి, మధ్యలో నొక్కితే పగులుతుంది. అద్దం వెనుక 2 మిల్లీమీటర్ల పుట్టీ పరుపు మిగలాలి. తర్వాత బయట పెట్టే పుట్టీ వాలుకు ఎంత నునుపు తెచ్చినా, నీరు లోపలికి వచ్చేదీ ఆగేదీ ఈ కనిపించని పరుపు దగ్గరే.

తర్వాత 15 నుంచి 20 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున తలలేని సన్న సీలలు కొట్టాలి. సుత్తిని అద్దం మీద ఆనించి జరుపుతూ కొడితే దెబ్బ అద్దానికి తగలదు. సీలల మీదుగా రెండో తాడు పెట్టి బొటనవేలితో అదిమి, పుట్టీ బ్లేడును ఏటవాలుగా పట్టి ఒక మూల నుంచి మరో మూలకు ఆపకుండా లాగాలి. మధ్యలో ఆగితే గీత పడుతుంది. వాలు పైఅంచు లోపలి చట్రం అంచు కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందే ఉండాలి. అలా ఉంటే లోపలి నుంచి పుట్టీ కనిపించదు. అద్దం మీది నూనె మరకలకు సుద్దపొడి చల్లి పొడి బ్రష్‌తో రుద్దితే చాలు.

నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకూడదు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉన్న గుడ్డలకు దానంతటదే నిప్పంటుకోవచ్చు. వాటిని విడివిడిగా పరిచి బయట ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచాలి.

పుట్టీ పైపొర గట్టిపడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత రంగు వేయాలి. రంగు లేని పుట్టీ ఎండకు బీటలు వారుతుంది. రంగు పుట్టీ దాటి అద్దం మీదికి 2 మిల్లీమీటర్లు రావాలి, పుట్టీకీ అద్దానికీ మధ్యనున్న సందును మూసేది ఆ గీతే. మరక అనుకుని దాన్ని బ్లేడుతో గీకవద్దు.