పిల్లల మారాం - పెద్దల సహనం

సంతానం అల్లాహ్ మన చేతికిచ్చిన అమానత్. అది కంటికి చల్లదనమే కాదు, ఒక పరీక్ష కూడానని దివ్యఖుర్ఆన్ హెచ్చరించింది. పిల్లలు ఎదిగిన తరువాతే ఈ పరీక్ష వస్తుందని చాలామంది అనుకుంటారు. కాని పసివాడు నేలమీద పడి దొర్లుతూ ఏడ్చిన రోజునే అది మొదలవుతుంది. ఆ రోజు పరీక్ష రాసేది వాడు కాదు, మనం.

ఆ పరీక్షలో మేమూ ఒకసారి తప్పాం. సుమారు ఇరవై ఐదేళ్ళ క్రితం మాట. రంజాన్ చివరి రోజుల్లో పండుగ బట్టల కోసం ఇంటిల్లిపాదీ చార్మినార్ వెళ్ళాం. తరావీహ్ అయిపోయిన వేళ. పత్తర్‌గట్టీలో కాలు పెట్టే సందు లేదు. నాలుగేళ్ళ మా అబ్బాయి బొమ్మకారు కావాలని పేచీ పెట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు కొంటామని చెప్పాం. కొనే ఉద్దేశం మాకు లేదు. వేరే దారి పట్టేసరికి వాడికి సంగతి తెలిసిపోయింది. నడిబజారులో కూలబడి గొంతు చించుకున్నాడు. జనం ఆగి చూస్తున్నారు. పదిమందికి దీన్ నేర్పే మౌల్వీసాబ్ కొడుకు ఇలాంటివాడా అనుకుంటారేమోనని సిగ్గేసింది. చెంప ఛెళ్ళుమనిపించాం. ఆ రాత్రి నిద్రలో కూడా వాడు వెక్కుతూనే ఉన్నాడు.

పండుగ సెలవుల తరువాత మదర్సాలో అబూదావూద్ గ్రంథంలోని ఒక హదీసు పాఠానికి వచ్చింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) చిన్నతనంలో తల్లి ఆయనను ఏదో ఇస్తానంటూ పిలిచింది. ఆ ఇంట్లోనే కూర్చుని ఉన్న దైవప్రవక్త (స) ఏమి ఇవ్వదలిచావని అడిగారు. ఖర్జూరం ఇస్తానని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ పేర ఒక అబద్ధం వ్రాయబడి ఉండేదని ఆయన అన్నారు. ఏళ్ళ తరబడి చెప్పిన పాఠమే అయినా ఆ రోజు మా గొంతు పెగల్లేదు. మావాడి మారాం మా అబద్ధంతో మొదలై మా కోపంతో ముగిసింది. మేము వాణ్ణి కొట్టింది మా పరువు కోసం. పైగా ముఖంమీద కొట్టడాన్ని దైవప్రవక్త (స) వారించారు కూడా.

ఆయన పిల్లలతో ఎలా మెలిగారో చూడండి. ఒకసారి నమాజులో ఆయన సజ్దా చాలాసేపు సాగింది. ఏమైందోనని సహాబాలు కంగారుపడ్డారు. మనవడు వీపెక్కి కూర్చున్నాడనీ, వాడి ముచ్చట తీరకముందే తొందరపెట్టడం ఇష్టం లేకపోయిందనీ ఆ తరువాత ఆయన చెప్పారు. నమాజు చేయిస్తుండగా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందోనని నమాజును కుదించేవారు. పదేళ్ళు సేవచేసిన హజ్రత్ అనస్ (రజి)ని ఒక్కనాడూ విసుక్కోలేదు.

అయితే సహనమంటే అడిగిందల్లా ఇచ్చేయడం కాదు. పసివాడైన హజ్రత్ హసన్ (రజి) సదఖా ఖర్జూరాల్లో ఒకటి తీసి నోట్లో వేసుకున్నారు. ముద్దుల మనవడే కదా అని దైవప్రవక్త (స) ఊరుకోలేదు. పిల్లలకు తెలిసే మాటలోనే ఛీ ఛీ అని ఉమ్మివేయించారు. మనం సదఖా తినమని కారణం కూడా చెప్పారు. వద్దన్నది వద్దన్నట్లే ఉంది, కాని దెబ్బ లేదు, తిట్టు లేదు.

పదేళ్ళకు నమాజు విషయంలో దండించమన్న హదీసును కొందరు అడ్డం పెట్టుకుంటారు. ఏడో ఏటి నుంచి మూడేళ్ళపాటు ఓపికగా చెప్పమన్న మాట అదే హదీసులో ఉంది. బొమ్మ కోసం ఏడ్చే నాలుగేళ్ళవాడికి దాన్ని వర్తింపజేయడం న్యాయం కాదు.

మరి మనమేం చేయాలి? ముందు వాడు ఆకలితో ఉన్నాడా, నిద్రకు వచ్చాడా చూడాలి. కోపం వస్తే నిలబడి ఉన్నవారు కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని హదీసు నేర్పుతోంది. పిల్లవాడి పక్కన కూర్చుంటే మన కోపమూ దిగుతుంది, వాడి భయమూ తగ్గుతుంది. అమ్మ కాదన్నదాన్ని దాదీ చాటుగా ఇవ్వకూడదు. నెరవేర్చలేని మాట ఇవ్వకూడదు. విసుగులో "చచ్చిపోరాదూ" అనే తల్లులు మన ఇళ్ళలో ఉన్నారు. సంతానానికి కీడు కోరవద్దని, అది దుఆ అంగీకరించబడే ఘడియ కావచ్చని దైవప్రవక్త (స) హెచ్చరించారు.

ఈమధ్య మా మూడేళ్ళ మనవడు సెల్‌ఫోన్ కోసం అన్నం పళ్ళెం విసిరికొట్టాడు. మా అబ్బాయి చేయెత్తాడు. మేము ఆ చేయి పట్టుకున్నాం. "అబ్బా, మీరు నన్ను కొట్టలేదా?" అన్నాడు. కొట్టామనీ, అది తప్పేననీ ఒప్పుకున్నాం. ఆ మాట చెప్పడానికి మాకు ఇన్నేళ్ళు పట్టింది. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత కొడుకు పక్కనే నేలమీద కూర్చున్నాడు. ఫోన్ ఇవ్వలేదు. కొంతసేపటికి పిల్లవాడి ఏడుపు ఆగింది. తండ్రీకొడుకులు ఇద్దరూ కలిసి మెతుకులు ఏరారు.

మన చేతులను కోపం నుంచి, మన నాలుకలను శాపం నుంచి అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.