లాబీయింగ్ సంస్కరణలు – రాజకీయాల్లో ధనప్రభావం: అమెరికా అనుభవం, ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
చట్టసభల నిర్ణయాలపై ధనం చూపే ప్రభావాన్ని లాబీయింగ్ చట్టాలు తగ్గించగలవా అన్నది ఈ వ్యాసం చర్చించే ప్రశ్న. అమెరికా సంయుక్త రాష్ట్రాలు 1946, 1995, 2007 సంవత్సరాల్లో చేసిన మూడు చట్టాలను, వాటికి ముందూ వెనుకా జరిగిన పరిణామాలను ఇందులో పరిశీలించడం జరిగింది. లాబీయింగ్ చట్టం ధనప్రవాహాన్ని నేరుగా తగ్గించలేదని, దానిలో కొంత భాగాన్ని మాత్రం ప్రజలకు కనబడేలా చేస్తుందని, ఎన్నికల విరాళాల నియంత్రణతో కలిసినప్పుడే అవినీతిని అరికట్టే శక్తి దానికి వస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

కీలకపదాలు: లాబీయింగ్, పైరవీ, నిర్వచనం, పారదర్శకత, ఎన్నికల విరాళాలు, అవినీతి.

1. ప్రవేశిక:
లాబీ అంటే చట్టసభ భవనంలో సభ్యులు బయటివారిని కలుసుకునే నడవ. అక్కడ సభ్యులను కలిసి తమ పక్షాన్ని వినిపించడం నుండి లాబీయింగ్ అనే మాట వాడుకలోకి వచ్చింది. తెలుగులో దీనికి స్థిరపడిన పారిభాషికపదం లేదు. పత్రికలు ఆంగ్లపదాన్నే వాడుతున్నాయి. జనవ్యవహారంలో దీనికి దగ్గరగా ఉన్నది ‘పైరవీ’. ఇది పారసీకం నుండి వచ్చిన మాట. దాని మూలార్థం వెంట నడవడం, అనుసరించడం. హిందీలో న్యాయస్థానంలో ఒకరి తరఫున వాదించడానికి కూడా ఈ పదం చెల్లుతుంది. తెలుగులో మాత్రం ‘పైరవీకారుడు’ అనగానే పలుకుబడితోనో డబ్బుతోనో పని జరిపించే వ్యక్తి స్ఫురిస్తాడు. అంటే తెలుగులో ఈ పదానికి అర్థాపకర్షం జరిగిందన్నమాట.

ఈ పదచర్చకు విషయంతో నేరుగా సంబంధం ఉంది. గిట్టుబాటు ధర కోసం రైతులు శాసనసభ్యునికి అర్జీ ఇవ్వడం ఒక పని. ఒక ఔషధ కంపెనీ జీతమిచ్చి పెట్టుకున్న నిపుణుడు అదే సభ్యుణ్ణి పదేపదే కలవడం ఇంకొక పని. ఓటుకు ప్రతిఫలంగా డబ్బు ముట్టజెప్పడం మూడవది. మొదటిది హక్కు. అమెరికా రాజ్యాంగానికి 1791లో చేర్చిన మొదటి సవరణ, ప్రభుత్వానికి మొర పెట్టుకునే హక్కును స్పష్టంగా గుర్తించింది. మూడవది నేరం. లాబీయింగ్ చట్టాలకు లక్ష్యం ఈ రెండింటికీ నడుమ ఉన్న రెండవది. హక్కును భంగపరచకుండా దాన్ని నియంత్రించాలంటే ముందు దాన్ని నిర్వచించాలి. సంస్కరణలకు మొదటి చిక్కు అక్కడే ఎదురయింది.

2. నిర్వచన సమస్య – 1946, 1995 చట్టాలు:
1946నాటి సమాఖ్య లాబీయింగ్ నియంత్రణ చట్టం ప్రకారం, చట్టాలను ప్రభావితం చేయడం ముఖ్యోద్దేశంగా డబ్బు తీసుకునేవారు తమ పేర్లు నమోదు చేసుకోవాలి. 1954లో హారిస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందంటూనే, భావప్రకటన స్వేచ్ఛకు భంగం రాకుండా దాని పరిధిని కుదించింది. చట్టసభ సభ్యులతో నేరుగా మాట్లాడేవారికే అది పరిమితమయింది. సభ్యుల సిబ్బందిని, ప్రభుత్వ శాఖల అధికారులను కలిసేవారు చాలావరకు దాని వెలుపలే ఉండిపోయారు. దీని ఫలితం 1991లో అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ ఇచ్చిన నివేదికలో కనబడుతుంది. వాషింగ్టన్‌లో ఇటువంటి ప్రాతినిధ్యం వహిస్తున్నవారి పేర్లతో వెలువడిన ఒక సూచికలో సుమారు 13,500 పేర్లుండగా, వాటిలో దాదాపు 10,000 పేర్లు చట్టప్రకారం నమోదు కాలేదు.

1995నాటి లాబీయింగ్ వెల్లడి చట్టం నిర్వచనాన్ని విస్తరించి, సిబ్బందినీ అధికారులనూ కలవడాన్ని కూడా దానిలో చేర్చింది. అయితే ఒక ఖాతాదారు కోసం వెచ్చించే సమయంలో కనీసం 20 శాతం లాబీయింగ్‌కు కేటాయించేవారే లాబీయిస్టులనే షరతు పెట్టింది. ఆ హద్దుకు లోపల ఉన్నట్లు లెక్క చూపగలిగినవారికి నమోదు అవసరం లేదు. జనంలో ప్రచారం నడిపి, వారి ద్వారా సభ్యులపై ఒత్తిడి తెచ్చే పని కూడా ఈ చట్టం పరిధిలోకి రాలేదు.

3. అబ్రమాఫ్ ఉదంతం – 2007 చట్టం:
ఈ లొసుగుల పర్యవసానం ఎటువంటిదో జాక్ అబ్రమాఫ్ ఉదంతం తెలిపింది. టెక్సస్ రాష్ట్రంలో ఎల్ పాసో వద్ద నివసించే టిగువా ఆదివాసీ తెగకు ఒక జూదశాల జీవనాధారంగా ఉండేది. దాన్ని మూయించడానికి జరిగిన ప్రచారం వెనుక అబ్రమాఫ్, అతని భాగస్వామి మైకేల్ స్కాన్లన్ రహస్యంగా పనిచేశారు. 2002లో జూదశాల మూతపడగానే వారిద్దరే ఆ తెగ పెద్దలను ఆశ్రయించి, దాన్ని తిరిగి తెరిపిస్తామని నమ్మబలికారు. ఇందుకు స్కాన్లన్ సంస్థకు తెగ చెల్లించిన సొమ్ము 42 లక్షల డాలర్లు. ప్రతినిధుల సభ సభ్యుడు బాబ్ నే ఎన్నికల సంస్కరణ బిల్లులో ఆ తెగకు అనుకూలమైన నిబంధన చేర్చడానికి ఒప్పుకున్నాడు. ఆ నిబంధన చట్టంలోకి రాలేదు. తెగకు డబ్బూ దక్కలేదు, జూదశాలా తెరుచుకోలేదు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. స్కాన్లన్ నడిపినది ప్రజాసంబంధాల సంస్థ. అది చట్టపరమైన నిర్వచనంలోకి రాదు కాబట్టి, దానికి చెల్లించిన సొమ్మును లాబీయింగ్ ఖర్చుగా వెల్లడించవలసిన అవసరం లేకపోయింది. పత్రికల పరిశోధన, సెనేట్ ఆదివాసీ వ్యవహారాల సంఘం విచారణ ద్వారానే విషయం బయటపడింది. 2006లో అబ్రమాఫ్, బాబ్ నే ఇద్దరూ నేరాన్ని అంగీకరించారు.

దీనికి స్పందనగా 2007 సెప్టెంబరులో కొత్త చట్టం అమలులోకి వచ్చింది. ఆరు నెలలకొకసారి ఇచ్చే నివేదికలు మూడు నెలలకొకసారి ఇవ్వవలసినవయ్యాయి. లాబీయిస్టులు ఇచ్చే కానుకలపై, విహారయాత్రలపై నిషేధం వచ్చింది. పదవి వీడిన సెనేటర్లు రెండేళ్లపాటు లాబీయింగ్ చేయరాదన్న నియమం ఏర్పడింది. శిక్షలు కఠినమయ్యాయి. కాని జనంలో నడిపే ప్రచారం ఖర్చును వెల్లడించాలన్న ప్రతిపాదనను సెనేట్ 2007 జనవరిలోనే తొలగించింది. టిగువా తెగను ముంచిన దారి ఆ విధంగా తెరిచే ఉండిపోయింది.

4. చట్టం వెలుపలి మార్గాలు:
2007 తర్వాత నమోదిత లాబీయిస్టుల సంఖ్య తగ్గింది. ధనం మాత్రం తగ్గలేదు. 1998లో 145 కోట్ల డాలర్లుగా ఉన్న ప్రకటిత లాబీయింగ్ ఖర్చు 2023 నాటికి 400 కోట్ల డాలర్లను దాటింది. కొందరు ‘విధాన సలహాదారు’ వంటి హోదాలతో నమోదు లేకుండానే కొనసాగారు. సెనేట్‌లో డెమొక్రాటిక్ పక్షనాయకుడిగా ఉండిన టామ్ డాష్ల్ 2004 ఎన్నికల్లో ఓడిన తర్వాత న్యాయసేవల సంస్థల్లో సలహాదారుగా పనిచేశారు. లాబీయిస్టుగా నమోదు చేసుకున్నది 2016లోనే. చట్టం దీన్ని తప్పుగా పరిగణించలేదు.

రెండవ మార్గం ఎన్నికల విరాళం. నేటి నిబంధనల ప్రకారం లాబీయిస్టు సభ్యునికి భోజనం పెట్టించకూడదు. అదే సభ్యుడు ఎన్నికల నిధి కోసం ఏర్పాటు చేసిన విందుకు వెళ్లి, చట్టపరిమితికి లోబడి చెక్కు ఇవ్వవచ్చు. 2010లో సిటిజన్స్ యునైటెడ్ కేసులో సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యంతో ఇచ్చిన తీర్పు, అభ్యర్థులతో సంబంధం లేకుండా కంపెనీలు చేసే ఎన్నికల ఖర్చుపై పరిమితులను రద్దుచేసింది. కానుకకు అడ్డుకట్ట వేసిన మూడేళ్లకే అంతకంటే పెద్ద ధనానికి దారి ఏర్పడింది.

మూడవది భవిష్యత్తు ఉద్యోగం. పదవిలోనో కొలువులోనో ఉన్నవారికి రేపు మంచి జీతమిస్తామని ఆశ చూపితే ఆ కార్యాలయమే తమ చేతిలోకి వస్తుందని, జైలు నుండి విడుదలైన తర్వాత అబ్రమాఫే బహిరంగంగా వివరించాడు. అదే వ్యక్తి 2020లో లాబీయింగ్ వెల్లడి చట్టాన్ని ఉల్లంఘించినట్లు మళ్లీ నేరం ఒప్పుకోవడం గమనార్హం.

5. వెల్లడి వలన ప్రయోజనం:
ఈ పరిమితులను బట్టి లాబీయింగ్ చట్టాలు నిష్ఫలమనుకోవడం సరికాదు. చిల్లర వర్తకంలో విదేశీ పెట్టుబడులపై 2012 డిసెంబరులో భారత పార్లమెంటు చర్చించిన రోజుల్లోనే, వాల్‌మార్ట్ సంస్థ 2008 నుండి లాబీయింగ్‌కు సుమారు 2.5 కోట్ల డాలర్లు ఖర్చు చేసిందని, ఆ ఖర్చు పెట్టిన అంశాల్లో భారత విపణిలో ప్రవేశం కూడా ఒకటని వెల్లడయింది. పార్లమెంటులో దుమారం రేగింది. కేంద్రప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి ముకుల్ ముద్గల్‌తో విచారణ జరిపించింది. ఈ సమాచారం అమెరికా సెనేట్‌కు ఆ సంస్థ సమర్పించిన నివేదికల నుండి వచ్చింది. అది అమెరికాలో చేసిన ఖర్చు గనుకనే లెక్క దొరికింది. ఢిల్లీలోగాని హైదరాబాదు, అమరావతుల్లోగాని ఏ సంస్థ ఎవరిని ఎందుకు కలిసిందో తెలిపే లాబీయింగ్ రిజిస్టరు లేదు. భారతదేశంలో లాబీయింగ్‌కు ప్రత్యేక చట్టమే లేదు.

6. విరాళాల నియంత్రణతో సమన్వయం:
కెనడా ఈ రెండింటినీ కలిపి ఆలోచించింది. 2006నాటి సంస్కరణల ద్వారా సమాఖ్య స్థాయిలో కంపెనీల, కార్మికసంఘాల విరాళాలను నిషేధించింది. 2008లో స్వతంత్ర లాబీయింగ్ కమిషనరును నియమించి, ఉన్నత పదవులు వీడినవారిపై ఐదేళ్ల నిషేధం విధించింది. అక్కడా ప్రభావప్రయత్నాలు ఆగలేదు. 2019లో ఎస్ఎన్‌సీ–లావలాన్ వివాదం రేగినప్పుడు, ఆ సంస్థ ప్రతినిధులు అధికారులను ఎన్నిసార్లు కలిశారో రిజిస్టరు నుండే పత్రికలు తెలుసుకోగలిగాయి.

భారతదేశం 2017లో దీనికి వ్యతిరేకదిశలో నడిచింది. కంపెనీల విరాళాలపై ఉన్న 7.5 శాతం లాభపరిమితి తొలగింది. ఎన్నికల బాండ్లతో దాతల పేర్లు గోప్యమయ్యాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఈ పథకాన్ని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసిన తర్వాతనే దాతల జాబితా బయటికి వచ్చింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే మేఘా ఇంజనీరింగ్ 966 కోట్ల రూపాయల బాండ్లతో అందులో రెండవ స్థానంలో ఉన్నదని తెలుగు పాఠకులు అప్పుడే తెలుసుకున్నారు. విరాళం ఇచ్చినంత మాత్రాన లంచం ఇచ్చినట్లు కాదు. కాని ఏ విరాళానికి ముందూ వెనుకా ఏ నిర్ణయం వెలువడిందో పరిశీలించే అవకాశం పౌరునికి ఉండాలి. దాతల జాబితా ఒక్కటే ఉంటే ఆ పరిశీలన సగమే సాధ్యమవుతుంది. అధికారులను ఎవరు కలిశారో తెలిపే జాబితా మిగిలిన సగం.

7. ముగింపు:
1. లాబీయింగ్ చట్టం నిర్వచించినదాన్ని మాత్రమే పట్టుకోగలదు. హోదాను బట్టి కాక, జరిగిన సంప్రదింపును బట్టి నిర్వచనం ఉండాలని అమెరికా అనుభవం తెలుపుతున్నది.
2. వెల్లడి ధనాన్ని తగ్గించదు. ప్రశ్నించడానికి కావలసిన ఆధారాన్ని ఇస్తుంది. వాల్‌మార్ట్ ఉదంతం దీనికి నిదర్శనం.
3. విరాళాలు, పదవి తర్వాతి ఉద్యోగాలు నియంత్రణలోకి రానంతవరకు ఒకచోట ఆపిన ధనం మరొకచోట ప్రవేశిస్తుంది.
4. భారతదేశానికి లాబీయింగ్ చట్టం అవసరమే. అది విరాళాల వెల్లడితో ముడిపడి, స్వతంత్ర సంస్థ పర్యవేక్షణలో ఉండాలి. అర్జీ పట్టుకువచ్చే రైతుకు అది అదనపు అడ్డంకి కాకుండా, జీతం తీసుకుని పైరవీ చేసేవారికే వర్తించాలి.