హెక్ 293 కణాలు - మందుల రవాణా

హెక్ 293 అనేది మానవ పిండపు మూత్రపిండం నుండి తీసి, ప్రయోగశాలలలో నిరంతరంగా పెంచుతున్న కణాల పరంపర. మందులు కణంలోనికి ఏ దారిన ప్రవేశిస్తాయో తెలుసుకొనటానికి వీటిని విరివిగా ఉపయోగిస్తారు. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో ఫ్రాంక్ గ్రాహం మూత్రపిండ కణాలలో ఎడినోవైరస్ డీఎన్ఏను చొప్పించి వీటిని రూపొందించాడు. అది ఆయన 293వ ప్రయోగం కావటం వలన ఈ పేరు వచ్చింది.

ప్రయోగ విధానం

రక్తంలోని అనేక మందులను మూత్రపిండ నాళికల కణాలు వాహక ప్రోటీన్ల సాయంతో మూత్రంలోనికి పంపుతాయి. హెక్ 293 కణాలలో ఇటువంటి వాహకాలు సహజంగా చాలా తక్కువ. కావున ఒక వాహకపు జన్యువును కొన్ని కణాలలో చేర్చి, మరికొన్నింటిని యథాతథంగా ఉంచుతారు. రెండింటికీ ఒకే మందునిచ్చి, లోనికి చేరిన పరిమాణాన్ని కొలుస్తారు. జన్యువు చేర్చిన కణాలలో మందు అధికంగా ఉంటే, దానిని లోనికి చేర్చినది ఆ వాహకమేనని తేలుతుంది.

ప్రయోజనం

వైరస్‌లపై వాడే సిడోఫోవిర్ అనే మందు ఓఏటీ1 అనే వాహకం ద్వారా నాళికల కణాలలో పేరుకొని వాటిని దెబ్బతీస్తుంది. ప్రోబెనిసిడ్ ఆ వాహకాన్ని అడ్డుకుంటుంది. అందువలన రోగికి ఈ రెండు మందులను కలిపి ఇస్తారు.

పరిమితులు

నాళికల కణాలకు ఒకవైపు రక్తం, మరొకవైపు మూత్రం ఉంటాయి. హెక్ 293 కణాలు ఆ అమరికతో పెరగవు. కావున మందు కణాన్ని దాటి మూత్రంలో చేరే పూర్తి ప్రయాణాన్ని వీటితో మాత్రమే తెలుసుకొనలేము.