కుట్టుమిషను బల్ల - లక్క మెఱుగు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములందలి పాత ఇండ్లలో అమ్మమ్మల నాటి కుట్టుమిషను ఒక మూల నుండుట కలదు. మిషను నేటికిని కుట్టుచుండవచ్చును. కాని దాని చెక్కబల్ల నల్లబడి, కాఫీగ్లాసులు పెట్టిన తెల్లని వలయములతో కళతప్పి కనబడును. ఇట్టి బల్లలను సేకరించి బాగుచేయుట పలు దేశములందు కొందఱికి ప్రీతికరమైన వ్యాసంగము. ఈ పనికి గరుకు కాగితముకన్న ముందు కావలసినది కొంచెము రసాయనశాస్త్రము.

ఐజక్ సింగర్ అను అమెరికా దేశీయుడు 1851లో తన కుట్టుమిషనుకు పేటెంటు పొందెను. ఆయన పేరుగల సంస్థ 1885లో స్కాట్లండునందలి క్లైడ్‌బ్యాంకులో తెఱచిన కర్మాగారము 1980 వఱకు పనిచేసెను. 1900 తరువాతి సింగర్ మిషన్లపై అంకెలకు ముందు అక్షరముండును. దానిని బట్టి మిషను ఎచ్చట, ఏ కాలమున తయారైనదో తెలియును. సేకరించువారు మొదట చూచునది దీనినే.

పెక్కు బల్లల పైభాగము ఒకే పలక కాదు. సాధారణపు చెక్కపై మేలిరకపు చెక్కను పలుచని పొరగా అంటింతురు. దీనిని వెనీరు అందురు. దీని మందము సుమారు ఒక మిల్లీమీటరు. గరుకు కాగితముతో గట్టిగా రుద్దినచో మెఱుగుతోబాటు ఈ పొరయు పోవును. పోయినది తిరిగిరాదు. కావున పాత మెఱుగు ఎట్టిదో ముందు తెలిసికొనవలెను.

పరీక్ష సులభము. బల్ల అడుగున కనబడని చోట స్పిరిటులో తడిపిన దూదిని ఒక నిమిషముంచవలెను. మెఱుగు మెత్తబడి దూదికి జిగటగా అంటినచో అది లక్క. అంటనిచో అవిసెనూనెతో చేసిన వార్నిషు కావచ్చును.

ఈ భేదమునకు కారణమేమి? మోదుగ, రేగు మున్నగు చెట్ల కొమ్మలపై లక్కపురుగు స్రవించు జిగురే లక్క. దానిని స్పిరిటులో కరగించి పూసినపుడు స్పిరిటు ఆవిరియై లక్క మిగులును. ఇది భౌతికమార్పు, మరల స్పిరిటు తగిలిన మరల కరగును. అవిసెనూనె యట్లు కాదు. గాలిలోని ఆక్సిజనుతో కలిసి దాని అణువులు ఒకదానితో నొకటి పెనవేసికొనును. ఇది రసాయనికమార్పు, ఆ పొరను స్పిరిటు కరగింపజాలదు.

వార్నిషైనచో, సబ్బునీటిలో ముంచి బాగుగా పిండిన గుడ్డతో ముందు మురికి తుడిచి చూడవలెను. పెక్కుసార్లు అంతమాత్రము చాలును. లక్కయైనచో గోకనక్కరలేదు. పాత లక్కనే స్పిరిటుతో మెత్తబరచి సరిచేయవచ్చును. పిమ్మట దూదిని నూలుగుడ్డలో మూటగట్టి, కొత్త లక్కను పలుచగా పలుమార్లు పూయవలెను. ప్రతి పూత క్రిందిపూతను కొంత కరగించి దానితో ఏకమగును.

ముసురు దినములలో ఈ పని తగదు. స్పిరిటు ఆవిరియగునపుడు బల్ల చల్లబడును. గాలిలోని తేమ దానిపై చేరి పూత తెల్లబారును. మదనపల్లె ప్రాంతమున కార్తికమాసపు వానలు వెలిసి, గాలి పొడియైన పిమ్మట పూయుట మేలు.

మూడు జాగ్రత్తలు మఱువరాదు. పని మొదలిడకముందే మిషనును బల్లనుండి తీసివేయవలెను; స్పిరిటు చిందినచో దానిపై నుండు బంగారురంగు చిత్రములు చెరిగిపోవును. స్పిరిటు విషము, త్వరగా మండునది. గాలి వీచు చోట, పొయ్యికి దూరముగా వాడవలెను. అవిసెనూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడవేయరాదు. నూనె ఆక్సిజనుతో కలియునపుడు పుట్టు వేడిమి లోపల చిక్కుకొని, గుడ్డలు వాటంతటవే అంటుకొనవచ్చును.

బడిపిల్లలు పుస్తకములో చదువు భౌతిక, రసాయనిక మార్పుల భేదము ఇంటి బల్లపైననే కనబడును. ఒక దూదిముక్క చేయు పరీక్ష, తాతల నాటి వెనీరును కాపాడగలదు.